గల్ఫ్ ఉపాధి - చట్టాలు, హక్కులు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులు తెలుసుకోవలసిన అంశాలు

మదనపల్లె: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఉమ్మడి చిత్తూరు జిల్లాకు పడమటి అంచున ఉన్న మెట్ట భూములు. ఇక్కడి సేద్యం వర్షం మీద, బోరు నీటి మీద ఆధారపడినది. వేరుశనగ ఒక ఏడు చేతికి వస్తే మరొక ఏడు రాదు. టమోటా ధర ఈ వారం ఉన్నట్లు వచ్చే వారం ఉండదు. అందుచేత కుప్పం వాసులు తెల్లవారుజాము రైళ్లలో బెంగళూరుకు కూలికి వెళ్లడం, మదనపల్లె, పుంగనూరు పరిసర గ్రామాల కుటుంబాల నుంచి ఒకరిద్దరు కువైట్, సౌదీ అరేబియా, ఖతార్ దేశాలకు తరలిపోవడం దశాబ్దాలుగా సాగుతున్నది. పొరుగున ఉన్న రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతాలను కూడా కలిపి చూస్తే, రాష్ట్రంలో కువైట్‌తో గాఢమైన అనుబంధం ఉన్న సీమ ఇదే.

ఈ వలసలో ఒక విశేషం ఉన్నది. తెలంగాణ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారిలో నిర్మాణ పనులు చేసే పురుషులు ఎక్కువ కాగా, రాయలసీమ, గోదావరి జిల్లాల నుంచి ఇంటి పనికి, వంటకు, పిల్లల, వృద్ధుల ఆలనకు వెళ్లే మహిళలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. చట్టం దృష్టిలో ఈ రెండు పనులూ ఒకటి కావు. కువైట్‌లో కంపెనీ కార్మికునికి 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. ఇంటి పనివారికి అది వర్తించదు. వారికి 2015 వరకు ప్రత్యేక చట్టమంటూ లేదు. ఒకే గ్రామం నుంచి, ఒకే విమానంలో వెళ్లిన అన్నకు ఒక చట్టం, చెల్లెలికి మరొక చట్టం అన్నమాట. విమానం ఎక్కక ముందే ఈ భేదం తెలిసి ఉండడం ఎంతైనా అవసరం.

పాస్‌పోర్టులో ఒక ముద్ర

భారత పౌరులు ఉపాధి కోసం విదేశాలకు వెళ్లడాన్ని క్రమబద్ధం చేసేది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. ఇది అంతకు ముందున్న 1922 నాటి చట్టం స్థానంలో వచ్చింది. దీని అమలు బాధ్యత మొదట కార్మిక మంత్రిత్వ శాఖ వద్ద, అటుపిమ్మట ప్రవాస భారతీయ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వద్ద ఉండేది. ఆ మంత్రిత్వ శాఖను 2016లో విదేశీ వ్యవహారాల మంత్రిత్వ శాఖలో విలీనం చేయడంతో ఇప్పుడు ఆ శాఖ పరిధిలోని ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఈ చట్టాన్ని అమలు చేస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ వాసులకు హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం చిరకాలంగా సేవలందిస్తున్నది.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమని తెలిపే ముద్ర ఉంటుంది. వాడుకలో దీనినే ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు అంటారు. ఈ పాస్‌పోర్టు ఉన్నవారు గల్ఫ్ దేశాలన్నిటితో పాటు మలేసియా, జోర్డాన్, లెబనాన్, ఇరాక్ మొదలైన 18 దేశాలకు ఉద్యోగ నిమిత్తం వెళ్లాలంటే ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ పొందాలి. పదవ తరగతి ఉత్తీర్ణులకు, ఆదాయపు పన్ను చెల్లించేవారికి, 50 ఏళ్లు దాటినవారికి, ఇప్పటికే మూడేళ్లకు పైగా విదేశంలో నివసించినవారికి ఈ క్లియరెన్స్ నుంచి మినహాయింపు ఉన్నది.

పలువురు ఈ ముద్రను ఒక అడ్డంకిగా, చదువు రానివారికి పెట్టిన మచ్చగా భావిస్తున్నారు. 2018 జనవరిలో ఇ.సి.ఆర్. పాస్‌పోర్టులను నారింజ రంగులో ముద్రించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ఇదే కారణంపై వ్యతిరేకత వ్యక్తం కాగా, ఆ నెలలోనే కేంద్రం దానిని ఉపసంహరించుకున్నది. అయితే ఆ ముద్ర వెనుక ఉన్న ప్రయోజనాన్ని గుర్తించవలసి ఉన్నది. క్లియరెన్స్ ఇచ్చేటప్పుడు యజమాని ఎవరు, జీతం ఎంత, ఒప్పందం ఎన్నాళ్లు, మధ్యవర్తి ఎవరు అన్న వివరాలన్నీ ఇ-మైగ్రేట్ విధానంలో నమోదవుతాయి. రేపు ఆపద వస్తే భారత రాయబార కార్యాలయం ముందు తెరిచి చూసేది ఆ నమోదునే. నమోదు లేనివారి విషయంలో యజమాని చిరునామా కనుగొనడానికే రోజులు గడిచిపోతాయి.

క్లియరెన్స్ రుసుము 200 రూపాయలు మాత్రమే. దానితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తీసుకోవడం తప్పనిసరి. 2003లో ప్రారంభమై 2017లో సవరించబడిన ఈ పథకం కింద రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, దానిపై పన్ను చెల్లిస్తే ప్రమాద మరణం లేదా శాశ్వత అంగవైకల్యం సంభవించినప్పుడు 10 లక్షల రూపాయల బీమా లభిస్తుంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు నివసించే భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో 45 మంది భారతీయులు మరణించగా, వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాసులు. అటువంటి దుర్ఘటన జరిగిన నాడు బీమా కాగితం ఇంట్లో ఉన్న కుటుంబానికీ, లేని కుటుంబానికీ మధ్య తేడా ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

నమోదైన ఏజెంటు, నమోదు కాని ఏజెంటు

ఎమిగ్రేషన్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం లేనివారెవరూ విదేశీ ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేయరాదు. రిజిస్ట్రేషన్ పొందిన ఏజెంటు 50 లక్షల రూపాయల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. తక్కువ సంఖ్యలో పంపే చిన్న ఏజెంట్లకు ఇది 8 లక్షలు. అతడు అభ్యర్థి నుంచి వసూలు చేయదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. అంతకు మించి ఒక్క రూపాయి తీసుకున్నా అది నేరమే. తీసుకున్న మొత్తానికి రసీదు ఇవ్వాలి.

ఆచరణలో గ్రామంలో తిరిగేది ఈ రిజిస్టర్డ్ ఏజెంటు కాదు. ఊరిలో తెలిసినవారు, బంధువులు, లోగడ కువైట్ వెళ్లి వచ్చినవారు మధ్యవర్తులుగా ఉంటారు. వీరు పాస్‌పోర్టులు సేకరించి కడపలోనో, చెన్నైలోనో, బెంగళూరులోనో ఉన్న మరొకరికి అందజేస్తారు. ఉప ఏజెంట్ల వ్యవస్థను చట్టం గుర్తించదు. అందుచేత మధ్యవర్తి చేతిలో పెట్టిన సొమ్ముకు ఆ 50 లక్షల గ్యారంటీ రక్షణగా నిలవదు. రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితా, అక్రమ ఏజెంట్లుగా గుర్తించినవారి జాబితా రెండూ ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉన్నాయి. 2024 అక్టోబరులో ఈ విధానాన్ని నవీకరించి, మొబైల్ యాప్ కూడా అందుబాటులోకి తెచ్చారు. డబ్బు ఇవ్వక ముందు ఏజెంటు రిజిస్ట్రేషన్ సంఖ్యను అందులో సరిచూసుకోవడానికి ఐదు నిమిషాలకు మించి పట్టదు.

అక్రమ నియామకానికి 24వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు శిక్ష, రెండు వేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. జరిమానా మొత్తం 1983లో నిర్ణయించినదే. ఒక్క వీసాకు లక్షలు చేతులు మారుతున్న కాలంలో అది ఎవరినీ భయపెట్టదు. అందువల్ల పోలీసులు సాధారణంగా దీనితో పాటు మోసానికి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్‌ను, వంచనతో తరలించి శ్రమ దోపిడీకి గురిచేసిన సందర్భాలలో మనుషుల అక్రమ రవాణాకు సంబంధించిన 143వ సెక్షన్‌ను జోడిస్తారు. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకైతే పాత భారత శిక్షా స్మృతిలోని 420, 370 సెక్షన్లు వర్తిస్తాయి.

ముప్పై ఏళ్ల నిబంధన

ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు కలిగి, 30 ఏళ్లు నిండని మహిళ ఈ 18 దేశాలకు ఇంటి పనికి వెళ్లడానికి అనుమతి లేదు. అంతేగాక ఇ.సి.ఆర్. మహిళలను ప్రైవేటు ఏజెంట్లు పంపడాన్ని నిలిపివేసి, ప్రభుత్వ రంగ సంస్థల ద్వారా మాత్రమే పంపే ఏర్పాటు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తమిళనాడులో ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్, కేరళలో నోర్కా రూట్స్, ఒడెపెక్, తెలంగాణలో టామ్‌కామ్ ఇటువంటి సంస్థలు.

ఉద్దేశం మంచిదే అయినా ఈ నిబంధనకు రెండు దొడ్డిదారులు ఏర్పడ్డాయి. మొదటిది వయసు పెంచి చూపడం. 24 ఏళ్ల యువతికి 31 ఏళ్లుగా పాస్‌పోర్టు చేయించిన సంగతి ఆ రోజు ఎవరికీ తెలియకపోవచ్చు. పదేళ్ల తరువాత ఆధార్‌లో ఒక తేదీ, పాస్‌పోర్టులో మరొక తేదీ, పిల్లల పాఠశాల రికార్డులో తల్లి పేరు మరొక తీరు ఉండి, బీమా క్లెయిము గానీ, వారసత్వ ధ్రువపత్రం గానీ కోరినప్పుడు చిక్కు బయటపడుతుంది. పాస్‌పోర్టు పొందడానికి తప్పుడు సమాచారం ఇవ్వడం 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు శిక్షకు గురిచేసే నేరం. తేదీ మార్చి ఇచ్చినది మధ్యవర్తి అయినా దరఖాస్తుపై సంతకం ఆమెదే కావడం గమనించాలి.

రెండవ దొడ్డిదారి విజిట్ వీసా. చూడటానికి, బంధువులను కలవడానికి వెళ్లేవారికి క్లియరెన్స్ అవసరం లేదు. వీసా, తిరుగు టికెట్ ఉంటే చాలు. దీనిని ఆసరాగా చేసుకుని మహిళలను ముందు దుబాయికో, మస్కట్‌కో విజిట్ వీసాపై చేర్చి, అక్కడి నుంచి వేరే ఇంటికి, ఒక్కొక్కప్పుడు వేరే దేశానికి పంపుతున్నారు. ఇటువంటి వ్యక్తికి అక్కడ ఉద్యోగ ఒప్పందం ఉండదు, బీమా ఉండదు, గడువు దాటితే అకామా కూడా ఉండదు. 2025 నుంచి కువైట్‌లో విజిట్ వీసా గడువు మీరినవారికి జరిమానా రోజుకు 10 దీనార్లు, గరిష్ఠంగా 2,000 దీనార్లు. దీనారు విలువ సుమారు 280 రూపాయలుగా లెక్కిస్తే అది ఐదున్నర లక్షల రూపాయలు దాటుతుంది. అప్పు చేసి వెళ్లిన కుటుంబానికి ఇది రెండవ అప్పు.

వైద్య పరీక్షల విషయంలోనూ జాగ్రత్త వహించాలి. గల్ఫ్ దేశాలు గుర్తించిన కేంద్రాలలోనే పరీక్ష జరగాలి. ఎప్పుడో క్షయ సోకి పూర్తిగా నయమైనా, ఎక్స్‌రేలో మచ్చ కనబడితే అనర్హులుగా ప్రకటించే అవకాశం ఉన్నది. క్షయ చికిత్సకు దేశమంతటా పేరుపొందిన ఆరోగ్యవరం ఉన్న మదనపల్లె ప్రాంతంలో ఈ విషయం తెలియనివారు ఉండరాదు. ఇక్కడ ఏదో విధంగా ధ్రువపత్రం సంపాదించినా, అక్కడ దిగిన తరువాత మళ్లీ పరీక్ష జరుగుతుంది. అందులో తప్పితే చేసిన ఖర్చంతా నష్టమే.

కువైట్ చట్టం ఇచ్చే హక్కులు

కువైట్ ప్రభుత్వం 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం గల్ఫ్ ప్రాంతంలో ఇంటి పనివారి కోసం వచ్చిన తొలి సమగ్ర చట్టాలలో ఒకటి. దీని ప్రకారం రోజుకు పని 12 గంటలకు మించరాదు. మధ్యలో విశ్రాంతి ఉండాలి. వారానికి ఒక రోజు, ఏడాదికి 30 రోజులు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. పనివారి వయసు 21 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండాలి. జీతం నెలాఖరుకు చెల్లించాలి. ఆలస్యమైతే ప్రతి నెలకు 10 దీనార్లు అదనంగా ఇవ్వాలి. ఒప్పందం ముగిసినప్పుడు పనిచేసిన ఒక్కొక్క ఏడాదికి ఒక్కొక్క నెల జీతం ముగింపు భత్యంగా రావాలి. పనివారి సమ్మతి లేకుండా యజమాని పాస్‌పోర్టును తన వద్ద ఉంచుకోరాదు. కనీస వేతనాన్ని 2016లో 60 దీనార్లుగా నిర్ణయించారు.

ఈ హక్కులలో ముగింపు భత్యం గురించి ఇక్కడివారికి తెలిసినది చాలా తక్కువ. ఆరేళ్లు ఒకే ఇంట పనిచేసి తిరిగి వచ్చే మహిళకు ఆరు నెలల జీతం రావలసి ఉంటుంది. విమానాశ్రయంలో యజమాని ఇచ్చిన బహుమతి సొమ్మును, చీరలను అదే అనుకుని తీసుకుని వచ్చేవారు ఉన్నారు. తిరిగి రాకముందే లెక్క చూసుకోవాలి. భారతదేశానికి వచ్చిన పిమ్మట దానిని రాబట్టడం కష్టసాధ్యం.

యజమానిని అక్కడ కఫీల్ అంటారు. అకామా అతని పేరుతో ముడిపడి ఉంటుంది. ఇంటి పనివారికి ఇచ్చేది 20వ నంబరు అకామా, కంపెనీ కార్మికునికి ఇచ్చేది 18వ నంబరు అకామా. 20వ నంబరు అకామాపై ఉన్నవారు బయట దుకాణంలోనో, హోటల్‌లోనో పనిచేయడం నేరం. ఆజాద్ వీసా, ఫ్రీ వీసా అని మధ్యవర్తులు చెప్పే మాటలకు చట్టంలో స్థానం లేదు. అటువంటి వీసా ఏదీ లేదు. ఒక కఫీల్ పేరుతో వీసా కొని, మరొక చోట పనిచేయడానికి పెట్టుకున్న ముద్దు పేరు అది. 2024 జూలై 14 నుంచి రెండు నెలల పాటు 20వ నంబరు నుంచి 18వ నంబరుకు మార్చుకునే అవకాశాన్ని కువైట్ ఇచ్చింది. ఆ గడువు ముగిసిపోయింది. ఇప్పుడూ మార్పిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మరాదు.

ఇల్లు వదిలి వెళ్లిపోతే యజమాని పరారీ ఫిర్యాదు చేస్తాడు. ఆ క్షణం నుంచి ఆమె ఉనికి అక్రమమవుతుంది. కొట్టినందుకు, జీతం ఇవ్వనందుకు, తిండి పెట్టనందుకు బయటికి వచ్చిన మహిళ కూడా రికార్డులో పరారీలో ఉన్న మనిషిగానే నమోదవుతుంది. గల్ఫ్‌లో మనవారు వాడుకగా ఖల్లివెల్లి అని పిలిచేది ఈ స్థితినే. కనుక ఇంటి నుంచి బయటపడిన వెంటనే తెలిసినవారి గదికి గానీ, వేరే ఇంట పనికి గానీ వెళ్లకుండా భారత రాయబార కార్యాలయానికి చేరుకోవడం ముఖ్యం. అక్కడ మహిళలకు ఆశ్రయం ఉన్నది. కువైట్ ప్రభుత్వం జలీబ్ ప్రాంతంలో నడిపే మహిళా కార్మికుల ఆశ్రయ కేంద్రం కూడా ఉన్నది. ఇంటి పనివారి ఫిర్యాదులను కువైట్ మానవ వనరుల ప్రాధికార సంస్థ విచారిస్తుంది. ముందుగా ఫిర్యాదు చేసినది పనివారే అయితే, తరువాత వచ్చే పరారీ ఫిర్యాదుకు వారు సమాధానం చెప్పుకోగలుగుతారు. ఒక్క రోజు ముందు వెనుకలు కూడా ఇక్కడ ప్రాముఖ్యం సంతరించుకుంటాయి.

తొలి ఆరు నెలలు మరీ సున్నితమైనవి. ఆ వ్యవధిలో పనిమనిషి పని మానివేస్తే యజమాని చెల్లించిన సొమ్మును నియామక కార్యాలయం తిరిగి ఇవ్వవలసి ఉంటుంది. ఇంటికి పంపమని వేడుకునే మహిళను ఆ కార్యాలయం వారు మరొక ఇంటికి పంపడానికే ఎందుకు ప్రయత్నిస్తారో దీనిని బట్టి అర్థం చేసుకోవచ్చు.

2025 జనవరి 5 నుంచి మార్పులు

కువైట్‌లో విదేశీయుల నివాసాన్ని 1959 నుంచి ఒకే చట్టం నియంత్రించింది. దాని స్థానంలో 2024 నాటి 114వ నంబరు డిక్రీ చట్టం 2025 జనవరి 5న అమలులోకి వచ్చింది. దీనిలో వీసాల అమ్మకం తీవ్ర నేరం. అకామా ఇప్పించడానికి, పునరుద్ధరించడానికి డబ్బు తీసుకునే యజమానికి మూడు నుంచి ఐదేళ్ల జైలు శిక్ష, 5,000 నుంచి 10,000 దీనార్ల జరిమానా విధించవచ్చు. ఇంటి పనివారి అకామా గడువు మీరితే జరిమానా రోజుకు 2 దీనార్లు, గరిష్ఠంగా 600 దీనార్లు. సెలవుపై స్వదేశానికి వచ్చిన ఇంటి పనివారు నాలుగు నెలల లోపు తిరిగి వెళ్లాలి; యజమాని ముందుగా అనుమతి పొందితే తప్ప అంతకు మించి ఉంటే అకామా రద్దవుతుంది. లోగడ ఆరు నెలల వెసులుబాటుకు అలవాటు పడినవారు ఊరిలో పెళ్లి, పంట పనులు చూసుకుని నింపాదిగా బయలుదేరదామనుకుంటే అసలుకే మోసం రావచ్చు. కాగా 18వ నంబరు అకామా ఉన్న కంపెనీ కార్మికులు దేశం విడిచి వెళ్లడానికి యజమాని ఆమోదంతో నిష్క్రమణ అనుమతి పొందాలన్న నిబంధన 2025 జూలై 1 నుంచి అమలవుతున్నది.

అకామా లేకుండా చిక్కుకున్నవారికి కువైట్ అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తున్నది. 2018లో జనవరి 29 నుంచి ఏప్రిల్ వరకు, 2020లో కరోనా కాలంలో ఏప్రిల్ నెలలో, 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 వరకు ఈ అవకాశం కల్పించారు. ఆ వ్యవధిలో రాయబార కార్యాలయం ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో, వాడుకలో అవుట్ పాస్‌తో, జరిమానా లేకుండా స్వదేశానికి చేరవచ్చు. కేసులు లేనివారు కొత్త వీసాపై మళ్లీ వెళ్లవచ్చు. క్షమాభిక్ష లేని కాలంలో పట్టుబడితే జైలు, వేలిముద్రలు, పునఃప్రవేశ నిషేధం తప్పవు. తదుపరి క్షమాభిక్ష ఎప్పుడన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు గనుక దాని కోసం ఎదురుచూస్తూ దాగి ఉండడం మేలు కాదు.

భారత్, కువైట్ ప్రభుత్వాల మధ్య 2021 జూన్‌లో ఇంటి పనివారి నియామకంపై అవగాహన ఒప్పందం కుదిరింది. నియామక ప్రక్రియను చట్టబద్ధమైన చట్రంలోకి తేవడం, ఇరు పక్షాల బాధ్యతలను ఖరారు చేయడం దీని లక్ష్యం. అయితే ఇ-మైగ్రేట్‌లో నమోదై వెళ్లినవారికే దీని ఫలం పూర్తిగా అందుతుందన్నది స్పష్టం.

మూడు రాష్ట్రాల కూడలిలో ఫిర్యాదు

కుప్పం ఒక వైపు కర్ణాటకను, మరొక వైపు తమిళనాడును ఆనుకుని ఉన్నది. కుప్పం మండలవాసి డబ్బు చెల్లించినది బంగారుపేటలో కావచ్చు, పాస్‌పోర్టు అప్పగించినది వాణియంబాడిలో కావచ్చు, విమానం ఎక్కినది బెంగళూరులో కావచ్చు. మోసపోయిన పిమ్మట ఏ పోలీసు స్టేషన్‌కు పోవాలన్నదే పెద్ద ప్రశ్నగా ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ దీనికి సమాధానం చెబుతున్నది. నేరం ఎక్కడ జరిగినా, తీవ్ర నేర సమాచారాన్ని ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. ఆ స్టేషన్ వారు జీరో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేస్తారు. సమాచారాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపి, మూడు రోజులలోగా సంతకం చేసే వీలు కూడా ఉన్నది. విదేశంలో ఉన్న మహిళ తరఫున కుటుంబ సభ్యులు ఇక్కడ ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు చెల్లించిన బ్యాంకు లేదా ఫోన్ చెల్లింపుల వివరాలు, మధ్యవర్తి పంపిన వాట్సాప్ సందేశాలు, వీసా నకలు జతచేస్తే దర్యాప్తు వేగంగా సాగుతుంది.

విదేశీ వ్యవహారాల శాఖ 2015లో ప్రారంభించిన మదద్ విధానంలో ఫిర్యాదు నమోదు చేస్తే సంఖ్య కేటాయించి నేరుగా ఆ దేశంలోని రాయబార కార్యాలయానికి పంపుతారు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090. నిస్సహాయ స్థితిలో ఉన్నవారి టికెట్టు, న్యాయ సహాయం, మృతదేహం తరలింపు ఖర్చులను భరించడానికి రాయబార కార్యాలయాల వద్ద 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ ప్రవాసాంధ్రులకు సహాయం అందిస్తున్నది. విమానాశ్రయం నుంచి స్వగ్రామానికి ఉచిత అంబులెన్సు ఆ సేవలలో ఒకటి.

మరణం సంభవించినప్పుడు కుటుంబం నుంచి రాయబార కార్యాలయానికి సమ్మతి పత్రం అందాలి. భౌతికకాయాన్ని స్వదేశానికి పంపాలా, అక్కడే అంత్యక్రియలు జరపాలా అన్నది అందులో స్పష్టంగా రాయాలి. భార్య, తల్లిదండ్రుల మధ్య ఏకాభిప్రాయం లేక ఈ ఒక్క కాగితం ఆలస్యమైతే భౌతికకాయం శవాగారంలో వారాల తరబడి ఉండిపోయే ప్రమాదం ఉన్నది. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం బకాయి జీతం, పరిహారం పొందడానికి కూడా అవసరం.

ఊరిలోని ఆస్తి, అక్కడి సంతకం

కువైట్‌లో ఉన్న వ్యక్తి ఇక్కడి ఇంటి స్థలాన్ని అమ్మడానికి లేదా కోర్టు వ్యవహారం చూడడానికి బంధువుకు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. అది అక్కడి భారత రాయబార కార్యాలయ అధికారి లేదా నోటరీ ఎదుట ధ్రువీకరణ పొంది ఉండాలి. భారతదేశానికి చేరిన నాటి నుంచి మూడు నెలలలోగా దానికి స్టాంపు సుంకం చెల్లించాలని స్టాంపుల చట్టం నిర్దేశిస్తున్నది. ఈ గడువు మరచి రిజిస్ట్రేషన్ నాటికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇబ్బంది పడేవారు ఉన్నారు.

మరొక విషయం బహుకొద్దిమందికే తెలుసు. ఉద్యోగ నిమిత్తం విదేశంలో నివసించే భారతీయుడు విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం దృష్టిలో ప్రవాసి. ప్రవాసి హోదాలో ఉన్నంత కాలం ఇంటిని, ఇంటి స్థలాన్ని కొనవచ్చు గాని వ్యవసాయ భూమి, తోట కొనరాదు. వారసత్వంగా సంక్రమించిన భూమిని మాత్రం నిరభ్యంతరంగా ఉంచుకోవచ్చు. గల్ఫ్ సంపాదనతో మడి చెక్క కొనాలన్నది ఈ ప్రాంతవాసుల చిరకాల ఆశ కనుక, బయానా ఇచ్చే ముందే ఈ సంగతి విచారించుకోవడం మంచిది.

ధ్రువపత్రాల విషయానికి వస్తే, భారతదేశం 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. సౌదీ అరేబియా, ఒమన్, బహ్రెయిన్ కూడా అందులో ఉన్నందున ఆ దేశాలకు ఒక్క అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. కువైట్ అందులో లేదు. అక్కడికి పోయే పత్రాలపై విదేశీ వ్యవహారాల శాఖ ధ్రువీకరణతో పాటు కువైట్ రాయబార కార్యాలయ ముద్ర కూడా ఉండాలి. యు.ఎ.ఇ. సివిల్ కోర్టుల తీర్పులను 2020 జనవరి నుంచి నేరుగా ఇక్కడి జిల్లా కోర్టులో అమలు చేయించవచ్చు. దుబాయిలో బ్యాంకు అప్పు ఎగవేసి వచ్చినవారు దీనిని గుర్తుంచుకోవాలి. విదేశంలో పుట్టిన బిడ్డ జననాన్ని ఏడాదిలోగా భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయిస్తే పౌరసత్వం విషయంలో తరువాత వివాదం రాదు.

ఇక్కడికి వచ్చే విదేశీయులు

మదనపల్లెకు విదేశీయులు కొత్త కాదు. ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయానికి తొలి నాళ్లలో సారథ్యం వహించిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ దేశీయుడు. బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ వాసి. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ ఇక్కడికి సమీపంలోనే ఉన్నది. విదేశీయుల ప్రవేశం, నివాసాలకు సంబంధించి 1920, 1939, 1946, 2000 సంవత్సరాలలో వచ్చిన నాలుగు చట్టాలను రద్దు చేసి, వాటి స్థానంలో ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం, 2025ను కేంద్రం ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులోకి తెచ్చింది. వీసా గడువు మీరి ఉండేవారికి మూడేళ్ల వరకు జైలు, మూడు లక్షల రూపాయల వరకు జరిమానా; నకిలీ పాస్‌పోర్టు, వీసా వాడేవారికి రెండు నుంచి ఏడేళ్ల జైలు, లక్ష నుంచి పది లక్షల జరిమానా ఉన్నాయి. విదేశీయులకు బస ఇచ్చే హోటళ్లు, అతిథి గృహాలు 24 గంటలలోగా సమాచారం పంపాలి. విద్యాసంస్థలు, ఆసుపత్రులు కూడా సమాచారం ఇవ్వవలసి ఉన్నందున కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల వంటి సంస్థలకు సైతం ఇది వర్తిస్తుంది. ఇంట బస ఇచ్చే సాధారణ గృహస్థులు సందేహం ఉంటే జిల్లా పోలీసు సూపరింటెండెంట్ కార్యాలయంలోని విదేశీయుల రిజిస్ట్రేషన్ విభాగాన్ని సంప్రదించవచ్చు.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం స్థానంలో కొత్త చట్టం తేవడానికి కేంద్రం 2019లో, 2021లో ముసాయిదాలు ప్రకటించింది. అవి చట్టరూపం దాల్చలేదు. 2025 అక్టోబరులో విదేశీ ఉపాధి ప్రయాణాల సౌలభ్యం, సంక్షేమాలకు సంబంధించిన మరొక ముసాయిదాను ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. కొత్త చట్టం అమలులోకి వచ్చే వరకు క్లియరెన్స్, ఏజెంట్ల రిజిస్ట్రేషన్, రుసుములకు సంబంధించి పైన తెలిపిన నిబంధనలే వర్తిస్తాయి.